నీళ్లు తగిలితే రగిలే రసాయనాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ప్రమాదకర సరుకుల రవాణా గురించి రాస్తూ, నీలం రంగు డైమండ్ గుర్తులో మంట బొమ్మ, కింది మొనలో 4 అంకె ఉంటే ఆ డ్రమ్ములోకి నీటిచుక్క పోకూడదని ఒక్క వాక్యంలో దాటేశాం. పాఠకులు దాటనివ్వలేదు. ఫార్మా కంపెనీల ల్యాబుల వాళ్లు, వెల్డర్లు, గోదాముల వాళ్లు వివరంగా అడిగారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా కంపెనీలో కొత్తగా ఒక ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశ పదార్థం) తయారవుతోంది. లిథియం లవణం, తెల్లటి పొడి. ఎగుమతికి బుక్ చేయబోతే 'నీటితో చర్య పరీక్ష రిపోర్టు ఉందా' అని ఫార్వర్డర్ (సరుకు పంపే ఏజెంటు) అడిగాడు. ఏమిటా పరీక్ష? మా ల్యాబ్‌లోనే చేసుకోవచ్చా?
– క్యూసీ కెమిస్ట్, పటాన్‌చెరు

జవాబు: ఆయన అడిగింది ఐక్యరాజ్యసమితి పరీక్షలు, ప్రమాణాల మాన్యువల్‌లోని ఎన్.5 పరీక్ష. నీళ్లు తగిలినప్పుడు మండే గ్యాస్ వదిలే పదార్థాలను, అంటే 4.3 విభాగం సరుకును, తేల్చేది ఇదే.

ముందు ఆ పరీక్ష మీకు అవసరమా అన్నది చూడండి. మూడు సందర్భాల్లో అక్కర్లేదు. పదార్థం నిర్మాణంలో లోహం గానీ అర్ధలోహం గానీ లేకపోవడం ఒకటి. నీటితో చర్య జరపదని తయారీలోనో వాడకంలోనో తేలిపోవడం రెండు. నీళ్లతో కడిగి ఆరబెట్టే సరుకు ఈ కోవలోకి వస్తుంది. నీళ్లలో కరిగి నిలకడగా ఉంటుందని ముందే తెలిసి ఉండడం మూడు. మీది లిథియం లవణం కాబట్టి మొదటిది వర్తించదు. కానీ మీ బ్యాచ్ రికార్డులో చివరి దశ వాటర్ వాష్ అయితే రెండో మినహాయింపు మీ చేతిలో ఉన్నట్లే. ఆ పేజీ కాపీ జతచేయండి. అదీ లేకపోతే పరీక్ష తప్పదు. గాలి తగలగానే అంటుకునే పైరోఫోరిక్ సరుకుకు మాత్రం ఎన్.5 వర్తించదు.

పరీక్షకు నాలుగు మెట్లు. మొదటి మెట్టులో 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్ పోసిన తొట్టెలో 2 మి.మీ. పలుకు, అంటే ఆవగింజంత, వేస్తారు. చూడాల్సినవి రెండే: గ్యాస్ వస్తోందా, ఆ గ్యాస్ తనంతట తాను అంటుకుందా.

రెండో మెట్టులో 100 మి.మీ. వెడల్పున్న పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి, ఫిల్టర్ పేపర్‌ను నీళ్ల మీద పరిచినట్లు తేలనిచ్చి, దాని నడుమ మళ్లీ ఆవగింజంత పలుకు పెడతారు. కాగితం ఎందుకో సోడియంతో చూస్తే అర్థమవుతుంది. ఉత్త నీళ్ల మీద సోడియం పలుకు కరిగి, వెండి ముత్యంలా గుండ్రమై, బుసకొడుతూ అటూ ఇటూ పరుగులు పెడుతుంది. పుట్టిన వేడినంతా నీళ్లకు ధారపోస్తూ తిరుగుతుంది కాబట్టి చాలాసార్లు మంట లేకుండానే కరిగిపోతుంది. అదే పలుకు తడి కాగితం మీద ఇరుక్కుందంటే వేడి అక్కడే పోగవుతుంది, పసుపు రంగు మంట లేస్తుంది. గ్యాస్ అంటుకునే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది అప్పుడే. కాగితం కట్టుకొయ్య లాంటిది.

మూడో మెట్టులో 20 మి.మీ. ఎత్తు, 30 మి.మీ. వెడల్పున్న కుప్ప పోసి, నెత్తిన చిన్న గుంట చేసి, ఆ గుంటలో కొన్ని నీటిచుక్కలు వేస్తారు. ఇక్కడ సరుకు ఎక్కువ, నీళ్లు తక్కువ. చల్లార్చేందుకు నీళ్లు మిగలవు. మూత సరిగా పడని డ్రమ్ములోకి వాన చినుకులు దిగితే జరిగేది ఇదే. మొదటి రెండు మెట్లలో నెమ్మదిగా కనిపించిన పొడి ఇక్కడ భగ్గుమనడం ఉంది. అందుకే వరస తప్పకూడదు. కొత్త పదార్థాన్ని నేరుగా కుప్పపోసి నీళ్లు చల్లడం ప్రాణాలతో చెలగాటం. పూర్తిగా మూసే ఫేస్ షీల్డ్, ఫ్యూమ్ హుడ్, దాని ముందు మరో పేలుడు తెర ఉండాలి. పక్కన సాల్వెంట్ సీసా ఒక్కటి కూడా ఉండకూడదు.

ఈ మూడింట్లో ఎక్కడ గ్యాస్ తనంతట తాను అంటుకున్నా పరీక్ష అక్కడితో ఆపేస్తారు. సరుకు 4.3 అని తేలినట్లే. నీటితో తీవ్రంగా చర్య జరిపి, గ్యాస్ తనకు తానే అంటుకునే గుణం చూపితే ప్యాకింగ్ గ్రూప్ 1, అంటే మూడు ప్రమాద స్థాయిల్లో అన్నిటికన్నా తీవ్రమైనది. మంట రాకపోతే నాలుగో మెట్టు: గ్యాస్‌ను కొలవడం. మండే గ్యాస్ గంటకు కిలోకు ఒక లీటరు దాటితే సరుకు 4.3. తీవ్రమైన చర్య ఉండదని ముందే తెలిసిన సరుకుతో నేరుగా ఇక్కడికే రావచ్చు.

కోనికల్ ఫ్లాస్కులో సరుకు, పైన డ్రాపింగ్ ఫనెల్‌లో నీళ్లు, పక్క గొట్టం గ్యాస్ బ్యూరెట్‌కు, అంటే గ్యాస్‌ను కొలిచే గీతల గాజు గొట్టానికి. మొత్తం 100 నుంచి 250 మి.లీ. గ్యాస్ వచ్చేంత సరుకు తూచాలి. ఎంత నెమ్మదిగా వచ్చేదైనా 25 గ్రాములు మించకూడదు. ట్యాప్ తిప్పి నీళ్లు వదలగానే స్టాప్ వాచ్ నొక్కాలి. 7 గంటల పాటు గంట గంటకూ రేటు లెక్కగట్టాలి. 7 గంటల తర్వాత కూడా రేటు పెరుగుతూనే ఉన్నా, ఎగుడుదిగుడుగా ఉన్నా 5 రోజుల దాకా పొడిగించాలి. ఇదంతా మూడుసార్లు చేయాలి.

ల్యాబ్ సొంతంగా చేసుకోవచ్చు, సాధనాలు ఖరీదైనవి కావు. కొనుగోలుదారు మాత్రం గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టే కావాలని అడగవచ్చు, ముందే కనుక్కోండి.

ప్రశ్న: 500 మి.లీ. ఫ్లాస్కులో 25 గ్రాముల సరుకు పెట్టి, డ్రై నైట్రోజన్‌తో ఫ్లష్ చేసి, 20 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచి 50 మి.లీ. నీళ్లు వదిలాం. మొదటి గంటలో బ్యూరెట్‌లో 62 మి.లీ. వచ్చింది. తర్వాత గంటకు ఒకటీ అరా. 62ను 25తో భాగిస్తే కిలోకు దాదాపు రెండున్నర లీటర్లు. అంటే మా సరుకు 4.3 అనే కదా? మేనేజ్‌మెంట్ నమ్మడం లేదు.
– ల్యాబ్ ఇన్‌చార్జి, జీడిమెట్ల

జవాబు: ఈసారి మేనేజ్‌మెంట్ సందేహం సరైనదే. మీరు కొలిచింది గ్యాస్ కాదు, మీరు పోసిన నీళ్లను.

ఫనెల్ నుంచి 50 మి.లీ. నీళ్లు ఫ్లాస్కులోకి దిగాయంటే అక్కడున్న 50 మి.లీ. నైట్రోజన్ జాగా ఖాళీ చేయాలి. ఫనెల్ పైభాగం బయటి గాలికి తెరిచి ఉంటే ఆ నైట్రోజన్‌కు ఉన్న దారి ఒక్కటే, బ్యూరెట్. 62లో 50 అలా వచ్చింది. మిగిలిన 12లో సింహభాగం నీటి ఆవిరి. డ్రై నైట్రోజన్‌తో ఎండబెట్టిన 450 మి.లీ. జాగాలోకి నీళ్లు వచ్చాయి కదా. 20 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 23 మిల్లీబార్ల పైచిలుకు, వాతావరణ పీడనంలో రెండు శాతానికి కాస్త ఎక్కువ. ఆ లెక్కన 450 మి.లీ. వాయువు తడిసి సుమారు పదిన్నర మి.లీ. ఉబ్బుతుంది. బ్యూరెట్‌లోకి నెట్టిన 50 మి.లీ. కూడా అక్కడి నీళ్ల మీద తడిసి మరో మి.లీ. పెరుగుతుంది. ఇవన్నీ తీసేస్తే సరుకు నుంచి వచ్చిందని చెప్పుకోవడానికి ఒక మి.లీ. కూడా మిగలడం కష్టం.

25 గ్రాముల సరుకుకు 4.3 గీత గంటకు 25 మి.లీ. అంత చిన్న గీతను పట్టుకోవాలంటే ఇలాంటి దొంగ మిల్లీలీటర్లను ముందే పట్టాలి. పక్కన పీడనం సమం చేసే గొట్టం ఉన్న డ్రాపింగ్ ఫనెల్ వాడండి. నీళ్లు కిందికి దిగుతుంటే అంతే వాయువు పైకి పోతుంది, బ్యూరెట్ కదలదు. సరుకు బదులు 25 గ్రాముల ఎండు ఇసుక వేసి, అన్నీ అలాగే ఉంచి ఒక బ్లాంక్ నడపండి. అందులో వచ్చిన రీడింగులను గంట గంటకూ అసలు రీడింగుల నుంచి తీసేయండి. బ్లాంక్ లేని ఎన్.5 రిపోర్టును మేమైతే నమ్మం.

వాటర్ బాత్ సంగతి మీరు బాగా పట్టించుకున్నారు. ఫ్లాస్కులో 450 మి.లీ. వాయువు ఉంటే ఒక్క డిగ్రీ పెరిగినా ఒకటిన్నర మి.లీ. ఉబ్బుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగి, గది ఆరు డిగ్రీలు వేడెక్కిందనుకోండి. బాత్ లేకపోతే తొమ్మిది మి.లీ. దొంగ గ్యాస్. 7 గంటల్లో బారోమీటర్ 10 మిల్లీబార్లు మారితే ఇంకో నాలుగైదు మి.లీ. బారోమీటర్ రీడింగును కూడా షీటులో రాయండి.

దీనికి రివర్సు తప్పు లీకు. ఉన్న గ్యాస్‌ను లేదనిపిస్తుంది కాబట్టి ఇది మరీ ప్రమాదం. నీళ్లు వదిలే ముందు సిరంజితో 50 మి.లీ. గాలి ఎక్కించి పావుగంట వదిలేయండి, బ్యూరెట్ మట్టం అలాగే నిలవాలి. సిలికాన్ ట్యూబు వాడొద్దు. హైడ్రోజన్ సిలికాన్ గోడల్లోంచి జారిపోతుంది. 7 గంటల పరీక్షలో తేడా తక్కువే కానీ 5 రోజుల పరీక్షలో ఫలితమే మారిపోవచ్చు. మందపాటి బ్యూటైల్ రబ్బరు గొట్టం, ఎంత పొట్టిదైతే అంత మేలు.

ప్రశ్న: గంటకో రీడింగు చాలదా? మాన్యువల్‌లో గంట అనే ఉంది.
– విశాఖపట్నం

జవాబు: నెమ్మది సరుకుకు చాలు. వేగంగా స్పందించేదానికి చాలదు. ఎందుకంటే గ్రూప్ 1 గీత నిమిషంలో ఉంది: ఏ ఒక్క నిమిషంలోనైనా కిలోకు 10 లీటర్లు, ఆపైన. గ్రూప్ 2కు గంటకు కిలోకు 20 లీటర్లు, ఆపైన. గ్రూప్ 3కు గంటకు కిలోకు ఒక లీటరు దాటితే చాలు. ఆ లీటరు దాటకపోతే, ఎక్కడా మంట రాకపోతే, సరుకు 4.3 కాదు.

లెక్కకు ఒక సులువు ఉంది. గ్రాముకు ఎన్ని మిల్లీలీటర్లో కిలోకు అన్ని లీటర్లు. 0.6 గ్రాముల సరుకు గంటలో 100 మి.లీ. గ్యాస్ ఇచ్చిందనుకుందాం. 100ను 0.6తో భాగిస్తే గంటకు 167 లీటర్లు. గంట రీడింగు మాత్రమే ఉన్నవాడు గ్రూప్ 2 అని రాసేస్తాడు. కానీ రెండో నిమిషానికీ మూడో నిమిషానికీ మధ్య బ్యూరెట్ 7.2 మి.లీ. కదిలి ఉంటే అది ఆ నిమిషంలో కిలోకు 12 లీటర్లు. సరుకు గ్రూప్ 1. ఆ నిమిషాన్ని ఎవరూ చూడకపోతే డ్రమ్ము తప్పుడు ప్యాకింగ్‌లో ఓడ ఎక్కుతుంది. మొదటి పది నిమిషాలు పదిహేను సెకన్లకోసారి చూడండి, లేదా ఫోన్‌తో బ్యూరెట్‌నూ స్టాప్ వాచ్‌నూ కలిపి వీడియో తీసి తర్వాత చదువుకోండి. మూడు పరీక్షల సగటు తీయకండి, ఎక్కువ వచ్చినదాన్ని పట్టుకోండి.

ప్రశ్న: కార్బైడ్ డ్రమ్ము మీద 4.3 గుర్తు ఉంటుంది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే అంతకన్నా ఎక్కువగా కుతకుతలాడుతుంది, చెయ్యి పెడితే కాలిపోతుంది. దానికి ఆ గుర్తు ఎందుకు లేదు?
– వెల్డింగ్ షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. 4.3కు కొలత కుతకుతలు కాదు, మండే గ్యాస్. కాల్చిన సున్నం నీళ్లు తాగి తడిసున్నం అవుతుంది. బోలెడంత వేడి, పొంగే ఆవిరి వస్తాయి, కానీ మండే గ్యాస్ చుక్కంత కూడా రాదు. సున్నం ప్రమాదకరం కాదని దీని అర్థం కాదు. కళ్లలో పడితే చూపు పోతుంది, తడిసిన బస్తాల వేడికి పక్కనున్న గోనెలు, గడ్డి అంటుకోవచ్చు. ఆ ప్రమాదాలకు పేరు వేరు.

కాల్షియం కార్బైడ్ కథ పూర్తిగా వేరు. బజారులో దొరికే కార్బైడ్‌లో అసలు పదార్థం ఎనభై శాతం చుట్టూ ఉంటుంది. కిలోకు దాదాపు 300 లీటర్ల ఎసిటిలీన్ ఇస్తుంది. గాలిలో ఎసిటిలీన్ రెండున్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. లెక్క వేయండి: ఒక్క కిలో కార్బైడ్ పూర్తిగా తడిస్తే 12 ఘనపు మీటర్ల గాలిని, అంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిని, పేలే గదిగా మార్చగలదు. మీ షాపులో మూలనున్న డ్రమ్ము ఎన్ని కిలోలదో మీకు తెలుసు.

డ్రమ్ము మూత తీసినప్పుడు వెల్లుల్లి వాసన వస్తుంది కదా. అది స్వచ్ఛమైన ఎసిటిలీన్ వాసన కాదు. కార్బైడ్‌లో కలుషితంగా ఉండే కాల్షియం ఫాస్ఫైడ్ గాలిలోని తేమతో ఫాస్ఫీన్ ఇస్తుంది, ఆ వాసన దానిది. ఫాస్ఫీన్‌తో పాటు అతి కొద్దిగా వచ్చే డైఫాస్ఫీన్ గాలి తగిలితే తనంతట తాను మండుతుంది. వాసన ఘాటుగా ఉన్న కార్బైడ్‌కు నిప్పు అక్కర్లేదని గుర్తుంచుకోండి. మూత తీయడానికి ఉలీ సుత్తీ వాడకండి. లోపల చేరిన గ్యాస్‌కు ఆ రవ్వ చాలు.

కార్బైడ్ యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే గుర్తింపు అంకె) 1402. పట్టికలో గ్రూప్ 1, గ్రూప్ 2 రెండూ ఉన్నాయి. మన దేశంలో నిల్వకు 1987 నాటి కాల్షియం కార్బైడ్ రూల్స్ వర్తిస్తాయి. లైసెన్సుల వ్యవహారం నాగపూర్ ముఖ్య కార్యాలయంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) చూస్తుంది. పండ్లు మాగబెట్టడానికి దీన్ని వాడడం ఆహార భద్రత నిబంధనల కింద నిషేధం.

కార్బైడ్‌కు ఎన్.5 చేసే ల్యాబులకు ఒక మాట. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు లీటరు ఎసిటిలీన్ కరిగిపోతుంది. హైడ్రోజన్ అయితే లీటరు నీటిలో 20 మి.లీ. కూడా కరగదు. హైడ్రోజన్‌కు అలవాటైన చేత్తో ఫ్లాస్కులో 100 మి.లీ. నీళ్లు పోసి, బ్యూరెట్‌లో మామూలు నీళ్లు నింపితే వచ్చిన గ్యాస్‌లో పెద్ద వంతు నీళ్లే మింగేస్తాయి. ఫ్లాస్కులో నీళ్లు తగ్గించండి, బ్యూరెట్‌లో ఉప్పు కరిగినంత కరిగించిన నీళ్లు నింపండి, లేదా గాజు గ్యాస్ సిరంజి వాడండి. రాగి గొట్టాలు, వెండి అతుకులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఎసిటిలీన్ వాటితో కలిసి తాకితే పేలే పదార్థాలు ఏర్పడతాయి.

ప్రశ్న: గ్రిన్యార్డ్ చర్యకు (మెగ్నీషియంతో చేసే ఒక ఆర్గానిక్ చర్య) మెగ్నీషియం తరుగు కొంటాం. ఒక సప్లయర్ పత్రంలో 4.1 అని, ఇంకొకరి పత్రంలో 4.3 అని ఉంది. లోహం ఒకటే కదా, ఎవరు తప్పు?
– స్టోర్స్ ఆఫీసర్, పరవాడ

జవాబు: ఇద్దరూ ఒప్పే కావచ్చు. ముక్క సైజు చూడండి. మెగ్నీషియం గుళికలు, తరుగు, రిబ్బన్ యూఎన్ 1869, విభాగం 4.1, అంటే మండే ఘనపదార్థాలు. మెగ్నీషియం పొడి యూఎన్ 1418, అది 4.3, దాంతో పాటు తనంతట తాను వేడెక్కే 4.2 కూడా. 149 మైక్రాన్లకు తగ్గని, పూత పూసిన గుళికలు యూఎన్ 2950, విభాగం 4.3, గ్రూప్ 3. నీళ్లు తాకేది లోహం పైపొరనే. ముక్క చిన్నదయ్యేకొద్దీ గ్రాముకు పైపొర పెరుగుతుంది, దాంతో గ్యాస్ వేగమూ పెరుగుతుంది.

పరీక్షకు శాంపిల్ తీసేటప్పుడు జరిగే తప్పు కూడా ఇక్కడే. ప్యాక్ చేసిన సరుకులో 500 మైక్రాన్లకన్నా సన్నని పొడి బరువులో ఒక శాతం దాటితే, లేదా సరుకు సులువుగా చితికేదైతే, మొత్తం శాంపిల్‌ను పొడి చేసి పరీక్షించాలి. లారీ కుదుపుల్లో సరుకు నలుగుతుందన్నది కారణం. డ్రమ్ము పైనుంచి గరిటెతో తీస్తే మెరిసే తరుగు వస్తుంది. బూడిద రంగు పొడి అంతా లైనర్ అడుగు మడతల్లో ఉంటుంది. పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి కలపండి. 200 గ్రాములు తూచి 500 మైక్రాన్ల జల్లెడ పట్టండి. కిందికి 2 గ్రాములు దాటి రాలిందంటే గీత దాటినట్లే. జల్లెడ చేత్తో, నెమ్మదిగా, ఎర్తింగ్ చేసి పట్టాలి. మెగ్నీషియం దుమ్ము గాలిలో లేస్తే అదే ఒక పేలుడు ప్రమాదం.

లోహపు పొడులకు ఇంకో గుణం ఉంది. పైన ఆక్సైడ్ పొర ఉన్నంతసేపు కదలవు, మెదలవు. అల్యూమినియం పొడి కొన్ని గంటలు ఊరికే కూర్చుని, పొర చిట్లాక ఒక్కసారిగా ఊపందుకోవచ్చు. 5 రోజుల నిబంధన పెట్టింది ఇందుకే. ఏడో గంటలో రేటు తక్కువగా ఉంది కదా అని ఆపకండి. తక్కువ అన్నది ప్రశ్న కాదు, పెరుగుతోందా అన్నది ప్రశ్న. మీరు సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి: పరీక్ష డిస్టిల్డ్ వాటర్‌తోనే జరుగుతుంది, కానీ ఉప్పునీటిలోని క్లోరైడ్ ఆ రక్షణ పొరను తొలిచేస్తుంది. మీ యార్డులో ఉప్పుగాలి తేమ పట్టిన సరుకు రిపోర్టులోని అంకెకన్నా వేగంగా స్పందించవచ్చు.

ప్రశ్న: సోడియం బోరోహైడ్రైడ్‌ను నీళ్లలో వేస్తే మెల్లగా బుడగలు వస్తాయి, అంతే. దానికి గ్రూప్ 1 ఏమిటి? మేమే పరీక్షించి గ్రూప్ తగ్గించుకోవచ్చా?
– జీడిమెట్ల

జవాబు: వద్దు. ప్రమాదకర సరుకుల పట్టికలో పేరుతో ఉన్న పదార్థానికి పట్టికలోని తరగతే వేయాలి. ఇది యూఎన్ 1426, గ్రూప్ 1.

ఆ మెల్లదనం కూడా నమ్మదగింది కాదు. బోరోహైడ్రైడ్ కరుగుతూ నీటిని క్షారంగా మారుస్తుంది, ఆ క్షారమే చర్యకు కళ్లెం వేస్తుంది. కాస్త ఆమ్లం గానీ, కోబాల్ట్, నికెల్ లవణాల జాడ గానీ తగిలితే ఆ కళ్లెం తెగుతుంది. ఒక గ్రాములో దాదాపు రెండున్నర లీటర్ల హైడ్రోజన్ దాగి ఉంది. మీ పరీక్ష ఫ్లాస్కులో స్వచ్ఛమైన నీళ్లున్నాయి. మీ ప్లాంటు డ్రైనేజీలో ఏమున్నాయో ఆలోచించండి.

ఇలాంటిదే సోడియం హైడ్రైడ్. 60 శాతం, మినరల్ ఆయిల్‌లో వస్తుంది. ఆ నూనె నీటిని కాసేపు ఆపుతుంది. హెక్సేన్‌తో నూనె కడిగేశాక మీ చేతిలో ఉన్నది డ్రమ్ము మీద లేబుల్ చెప్పిన సరుకు కాదు, దానికన్నా చాలా చురుకైనది.

ప్రశ్న: సెల్ఫాస్ లాంటి ధాన్యం మాత్రలు తడిస్తే ఫాస్ఫీన్ వస్తుంది, ఫాస్ఫీన్ మండుతుంది. అయినా మాకొచ్చిన డబ్బాల మీద విషం గుర్తే ఉంది, 4.3 లేదు. పొరపాటా?
– గోదాము సూపర్‌వైజర్, నంద్యాల

జవాబు: పొరపాటు కాదు, దాని వెనక పరీక్ష ఉంది. వట్టి అల్యూమినియం ఫాస్ఫైడ్ యూఎన్ 1397, అది 4.3, గ్రూప్ 1, విషం అన్నది దాని రెండో ప్రమాదం. మాత్రలో ఆ ఫాస్ఫైడ్ 56 శాతమే. మిగతాదాంట్లో అమ్మోనియం కార్బమేట్ ఉంటుంది. తేమ తగిలినప్పుడు అది అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వదిలి ఫాస్ఫీన్‌ను పలచన చేస్తుంది. నీరు తగిలినప్పుడు మాత్ర మండదని, తనంతట తాను అంటుకోదని, వచ్చే గ్యాస్‌ల మిశ్రమం మండదని పరీక్షలతో రుజువు చేస్తేనే దాన్ని యూఎన్ 3048 కింద, విష పదార్థాల విభాగం 6.1లో, పంపనిస్తారు.

ఆ రుజువు మాత్రలు విడివిడిగా, సరైన తీరున వాడినప్పటికి. కుప్పగా పోసి తడిపితే ఆ రక్షణ చాలదు. 3 గ్రాముల మాత్ర ఒక గ్రాము ఫాస్ఫీన్ ఇస్తుంది. గాలిలో రెండు శాతం లోపే ఫాస్ఫీన్ మండుతుంది. సగం వాడిన డబ్బాను తడి నేల మీద పెట్టడం, మిగిలిన పొడిని సంచిలో మూటగట్టి మూల పడేయడం, బకెట్ నీళ్లలో గుమ్మరించి మూత పెట్టడం, ఈ మూడూ మంటకు దారులు. మంట కంటే ముందు విషం చంపుతుంది, దానికి విరుగుడు మందు లేదు. వాడకం అర్హత ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ చేతుల్లోనే ఉండాలి. మిగిలిన పొడిని లేబుల్ మీద రాసినట్లే, ఆరుబయట, మాస్కుతో నిర్వీర్యం చేయించండి.

ప్రశ్న: థయోనిల్ క్లోరైడ్ నీళ్లు తగిలితే భయంకరంగా పొగలు కక్కుతుంది. మా సేఫ్టీ క్విజ్‌లో అది 4.3 అని రాస్తే తప్పన్నారు.
– కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పే. వచ్చేవి హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్. రెండూ మండవు. అది తినివేసే పదార్థాల తరగతి 8, యూఎన్ 1836. ఒక జంటను గుర్తుపెట్టుకోండి: సిలికాన్ టెట్రాక్లోరైడ్ తరగతి 8, ట్రైక్లోరోసిలేన్ 4.3, గ్రూప్ 1. తేడా సిలికాన్‌కు అతుక్కున్న ఒక్క హైడ్రోజన్. అది నీటితో హైడ్రోజన్ గ్యాస్‌గా బయటికి వస్తుంది.

అలాగని 4.3 గుర్తు లేకపోతే నీళ్లతో భయం లేదనుకోవద్దు. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి చేరింది నీళ్లే. ఐసోసైనేట్ నీటితో ఇచ్చేది కార్బన్ డయాక్సైడ్, మండదు, అది 6.1 సరుకు. కానీ ఆ చర్య వేడి, పీడనం ట్యాంకులోని విషాన్ని ఊరి మీదికి ఎగజిమ్మాయి.

క్విజ్‌కు పనికొచ్చేది ఇంకోటి. రవాణాలో ప్యాకింగ్ గ్రూప్ 1, 2, 3 అనేవే లేబులింగ్ విధానమైన జీహెచ్‌ఎస్‌లో కేటగిరీ 1, 2, 3. లేబుల్ మీద రాసే ప్రమాద సూచన కోడ్ కేటగిరీ 1కు హెచ్260, మిగతా రెండింటికీ హెచ్261. మొదటి రెండింటికీ 'ప్రమాదం' అనే మాట, మూడోదానికి 'హెచ్చరిక'.

ప్రశ్న: 4.3 స్టోర్ బయట ఏ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టాలి? మా దగ్గర ఏబీసీ పౌడర్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి.
– షిఫ్ట్ ఇన్‌చార్జి, అచ్యుతాపురం

జవాబు: ఆ రెండూ లోహాల మంటకు పనికిరావు. మండే మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని మరింత మండుతుంది. లోహాల మంటకు క్లాస్ డి పౌడర్ కావాలి. సోడియం, మెగ్నీషియంలకు ఉప్పు ఆధారంగా తయారైన పౌడర్ సరిపోతుంది. లిథియానికి గ్రాఫైట్ లేదా రాగి పౌడర్. పొడవాటి గొట్టంతో పౌడర్‌ను మెత్తగా పరచాలి. ఎగజిమ్మితే మండే పొడి గాలిలోకి లేస్తుంది. మంట కనిపించకపోయినా వెంటనే కదపకండి, కింద గంటల తరబడి వేడి ఉంటుంది.

కార్బైడ్, హైడ్రైడ్‌ల చిన్న మంటకు ఎండు ఇసుక, ఎండు సోడా యాష్ వాడవచ్చు. మండుతున్న మెగ్నీషియం రాశి మీద ఇసుక అంత మంచిది కాదు, ఇసుకలోని సిలికాతో కూడా అది చర్య జరుపుతుంది. ఇక ఆ ఎర్ర బకెట్లలో ఇసుకను ఒకసారి చేత్తో తీసి పిండి చూడండి. వానాకాలంలో ఆరుబయట స్టాండుకు వేలాడే బకెట్లో ఇసుక ముద్దకడుతుంది. అది మంట మీద పడితే మీరు వేసింది ఇసుక కాదు, నీళ్లు. ఇసుకను ట్రేలో ఓవెన్‌లో పెట్టి పూర్తిగా ఎండబెట్టి, బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి, నింపిన తేదీ రాసి, స్టోర్ తలుపుకు బయట చేతికందే ఎత్తులో ఉంచండి.